నొప్పి లేని పుండు

"నొప్పి ఉందా?"

"లేదు మేడమ్."

"వేడి టీ తాగితే?"

"ఏమీ అనిపించదు."

"పళ్లు తోముకునేటప్పుడు తగిలితే?"

"లేదంటున్నానుగా!" ఊచల వెనక కూర్చున్న మనిషి విసుగ్గా తలెత్తాడు. "హత్య కేసు మీద పడి నేను ఏడుస్తుంటే మూతి మీద పుండు గురించి అడుగుతారేంటి మేడమ్?"

అడిగింది ఆరా మేడమ్. ఆమెకి అడగడమే అలవాటు. ఆమె అసలు పేరు పెన్షన్ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఆరోగ్య శాఖలో ఉన్నన్నాళ్లూ ఆమెది ఒకటే పని. ఒకరికి సుఖవ్యాధి వచ్చిందని తెలిస్తే, అది వాళ్లకి ఎవరి నుంచి వచ్చిందో, వాళ్ల నుంచి ఎవరికి పోయిందో ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం. ఆ రోజుల్లో ఆమె మొహాన తలుపులు వేసినవాళ్లున్నారు, మీదకి కుక్కని వదిలినవాళ్లున్నారు. ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టాక, హత్యల గురించి అడిగితే జనం ఎంత మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడతారో చూసి ఆమే నోరెళ్లబెట్టింది.

కూర్చోబెట్టినా ఆమె కూర్చోదు. లాకప్ ముందున్న నాలుగడుగుల జాగాలో ఇప్పుడు కూడా కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. కాపలా కానిస్టేబుల్ ఆమెని చూసీ చూసీ కళ్లు తిరిగి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తిరగక ఏం చేస్తుంది? మధ్యాహ్నం మూడింటికి ఈ మనిషిని కోర్టుకి తీసుకుపోతారు. గాజు ఫ్యాక్టరీలో గాజు ఊదేవాళ్లలో ఇతను మొనగాడు. తోటివాళ్లు ఊపిరయ్య అని పిలుస్తారు. మొన్న పొద్దున ఫ్యాక్టరీ యజమాని ఇతన్ని అందరి ముందూ నిలబెట్టి, "ఆ పుండు మూతితో నా గొట్టం ముట్టుకోకు, రేపట్నుంచి పనిలోకి రాకు" అని గెంటేశాడు. ఇతనూ ఊరుకోలేదు, నాలుగు మాటలు గట్టిగానే అన్నాడు. అదే రోజు సాయంత్రం ఏడింటికి యజమాని ఫ్యాక్టరీ వెనక గదిలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ఆ వేళకి తాను ఇంట్లో నిద్రపోతున్నానని ఊపిరయ్య అంటాడు. ఇంట్లో లేడని అతని భార్య పోలీసులతో చెప్పింది. ఆమె ఆ మాటే జడ్జి ముందు కూడా అంటే ఊపిరయ్య పని అయిపోయినట్టే.

పోలీసు డాక్టరు రక్తం తీసి చూశాడు. సిఫిలిస్ అని తేలింది.

"ఆ పుండు వచ్చి ఎన్నాళ్లయింది?" ఆరా మేడమ్ నడుస్తూనే అడిగింది.

"పది రోజులు కావచ్చు. గొట్టం కాలిందనుకున్నా. మాకు మూతులు కాలడం మామూలే."

"కాలితే మండుతుంది. మండలేదంటే అది కాలిన పుండు కాదని నీకు తట్టలేదా?"

"మండకపోతే మంచిదేగా అనుకున్నా."

ఆ మాటకి ఆమె నడక ఆగిపోయింది. మనిషి మీద జాలేసింది. ఇలా అనుకునే ఎంతోమంది ఆ జబ్బుని ఏళ్ల తరబడి ఒంట్లో దాచుకుంటారు.

"అరచేతులు చూపించు."

చూపించాడు. కాయలు కాచి ఉన్నాయి. మచ్చలు మాత్రం లేవు. అరికాళ్లు కూడా శుభ్రంగా ఉన్నాయి.

"విను. జబ్బు అంటుకున్న రోజే పుండు రాదు. మామూలుగా మూడు వారాలు పడుతుంది. ఒక్కోసారి పది రోజులకే రావచ్చు, మూడు నెలలు కూడా పట్టొచ్చు. కాబట్టి నీకు ఇది అంటుకుంది నిన్నా మొన్నా కాదు. ఆ రోజుల్లో ఎవరితో తిరిగావు?"

"ఎవరితోనూ లేదు. మా ఆవిడ మీద ఒట్టు." అతను ఊచలు పట్టుకుని ముందుకి వంగాడు. "పోలీసులు దానికి ఈ జబ్బు సంగతి చెప్పేశారు మేడమ్. అప్పట్నుంచీ నా మొహం చూడ్డంలేదు. ఆ కోపంలోనే ఇంట్లో లేనని చెప్పింది. అది అబద్ధాలాడే మనిషి కాదు."

అతను అబద్ధం చెబుతున్నాడని ఆమెకి అనిపించలేదు. అయితే అనిపించడాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోదు.

*

కేసు ఆమెకి అప్పగించింది ఊపిరయ్య మేనమామ. అదే ఫ్యాక్టరీలో మేస్త్రీ. మేనల్లుడికి గొట్టం పట్టుకోవడం నేర్పింది ఆయనే. కొలిమి ముందు ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అది వేడి వల్లో ఏడుపు వల్లో చెప్పడం కష్టం.

"ఒకసారి ఊది చూపించండి," అంది ఆరా మేడమ్.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రోజూ ఎలా చేస్తారో అలాగే."

మేస్త్రీ మనిషెత్తు ఇనుప గొట్టం కొనని కొలిమిలో ముంచి తిప్పాడు. ఎర్రగా కరిగిన గాజు ముద్ద దానికి అంటుకుని వచ్చింది. రెండో కొనని నోట్లో పెట్టుకుని చిన్నగా ఊదాడు. ముద్ద లోపల బుడగ లేచింది. వెంటనే గొట్టాన్ని పక్కనున్న పనివాడికి అందించాడు. వాడు అదే కొనని నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించాడు.

ఆరా మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి. "ఆగండాగండి! తుడవలేదేం?"

"తుడుస్తూ కూర్చుంటే గాజు చల్లారిపోతుందమ్మా. చేతులు మారేది రెండు క్షణాల్లో మారిపోవాలి. మాకు ఎంగిలి పట్టింపు ఉంటే ఈ పని చేయలేం."

"ఊపిరయ్య గొట్టం ఎవరి నోటి నుంచి తీసుకునేవాడు?"

"యజమాని నోటి నుంచే." మేస్త్రీ మొహంలో చేదు కనిపించింది. "ఆయనా ఒకప్పుడు ఊదినవాడే. డబ్బులొచ్చాక మానేశాడు గానీ ఆ దర్జా పోలేదు. రోజూ పొద్దున మొదటి ముద్ద తాను ఊదాల్సిందే. తర్వాత మావాడి చేతికిచ్చేవాడు. అదో పెద్ద గౌరవమని మేమంతా కుళ్లుకునేవాళ్లం."

"ఆయన పెదవి మీద ఎప్పుడైనా పుండు వచ్చిందా?"

"వచ్చింది. మూడు నెలలైంది. గొట్టం కాలిందన్నాడు."

"నొప్పి అన్నాడా?"

మేస్త్రీ ఆలోచించాడు. "లేదు. సిగరెట్ కూడా మానలేదు. నెల దాటాక దానంతటదే మానిపోయింది."

"అది మానిపోవడం కాదు, లోపలికి పోవడం," అంది ఆరా మేడమ్. ఆమె గొంతులో చాలా రోజుల తర్వాత ఉత్సాహం పలికింది. శవపరీక్ష చేసిన డాక్టరు పొద్దున ఫోన్లో ఒక మాట చెప్పాడు. చచ్చిపోయినవాడి అరచేతుల్లో రాగిరంగు మచ్చలు ఉన్నాయట. ముందు పుండు, అది మానాక కొన్ని వారాలకి మచ్చలు. ఆ జబ్బు నడిచే దారి అదే. యజమాని రెండో మెట్టు మీద ఉంటే ఊపిరయ్య ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు.

ఆమె మేస్త్రీని వెంటబెట్టుకుని, పోలీసు సీలు లెక్కచేయకుండా, వెనకున్న చల్లార్చే గదిలోకి నడిచింది. తయారైన గాజు సామాను ఒక్కసారిగా చల్లారితే పగిలిపోతుంది కాబట్టి, ఈ గదిలో పొడుగాటి ఇనుప పెట్టెలో పెట్టి మెల్లగా వేడి తగ్గిస్తారు. యజమాని తల తగిలింది ఆ పెట్టె అంచుకే. నేలంతా గాజు పొడి. అడుగు వేస్తే కరకరలాడుతోంది. ఆమె వంగి చూసింది. వెనక తలుపు నుంచి ఇనుప పెట్టె దాకా ఒక బారు నేల నున్నగా ఉంది.

"ఇక్కడ ఎవరు ఊడ్చారు?"

"మేం ఊడ్వం. మాకు బూట్లున్నాయి కదా."

"యజమాని?"

"ఆయన చీపురు పట్టుకుంటే సూర్యుడు పడమర పొడుస్తాడు."

"పట్టుకున్నాడు. పల్చటి చెప్పులతో వెనక తలుపు నుంచి వచ్చే మనిషి ఎవరో ఉన్నారు. ఆ మనిషి కాళ్లకి గాజు గుచ్చుకోకూడదని ఊడ్చిపెట్టాడు."

"శభాష్ వదినా!" వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. "సీలు వేసిన గదిలో చీపురు పరిశోధన!"

ఇన్‌స్పెక్టర్ ఆమె చెల్లెలి మొగుడు. ఇంట్లో ఆమె ముందు గట్టిగా నవ్వడు కూడా. యూనిఫారం తొడిగితే మాత్రం ఆ బాకీ అంతా తీర్చుకుంటాడు.

"రావయ్యా మరిదీ. నీ కేసు ఒకసారి చెప్పు, వింటాను."

"మూడు ముక్కలు. జబ్బు తెచ్చింది వాడు. యజమాని గెంటేశాడు. వాడు చంపాడు."

"మొదటి ముక్కే తప్పు. జబ్బు వాడు తేలేదు. వాడి పుండు వయసు పది రోజులు. యజమాని పుండు మూడు నెలల కిందటిది. చిన్నవాడు పెద్దవాణ్ణి కనలేడు కదా? రోజూ పొద్దున యజమాని ఎంగిలి గొట్టం వాడి నోట్లోకి వెళ్లింది. పదిమందికీ తెలియకముందే తప్పు వాడి నెత్తిన రుద్ది గెంటేశాడు నీ యజమాని."

ఇన్‌స్పెక్టర్ తగ్గలేదు. "యజమాని భార్యకి కూడా రక్తపరీక్ష చేయించా. ఏమీ లేదు. భార్యకి లేని జబ్బు మొగుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మొగుడు భార్య దగ్గరికి పోకపోతే ఆవిడకి ఎలా వస్తుంది? అయినా ఒక్క పరీక్షలో లేదని వస్తే లేనట్టు కాదు. అంటుకున్న కొత్తలో రక్తంలో తేలదు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి. నువ్వు పరీక్ష చేయించాల్సింది ఈ నేల ఎవరి కోసం ఊడ్చారో ఆ మనిషికి."

"చూడు వదినా." అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇప్పుడు వెటకారం లేదు. "జబ్బు ఎవరు ఎవరికి అంటించారన్నది నాకు అనవసరం. గొట్టం వల్లే వచ్చిందనుకో, వాడికి కోపం ఇంకా ఎక్కువ రావాలి. ఆ సాయంత్రం ఇంట్లో లేడని కట్టుకున్న పెళ్లామే చెప్పింది. దానికి నీ దగ్గర ఏ మచ్చ ఉంది?"

ఆరా మేడమ్‌కి గాలి తీసినట్టయింది. చెల్లెలి మొగుడు చెప్పిన దాంట్లో న్యాయం ఉండడం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"ఆవిడకి రక్తపరీక్ష చేయించావా?"

"సాక్షికి రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు? రెండింటికి జీపు పంపి ఆవిడని కోర్టుకి తెప్పిస్తున్నా. కాదు, నేనే వెళ్తా. నువ్వు ముందు వెళ్లి ఆవిడ మనసు విరుస్తావేమోనని నా భయం."

ఒంటిగంట దాటింది. అతని మాట పూర్తయ్యేలోపే ఆమె గది దాటింది.

*

ఊపిరయ్య ఇల్లు రెండు గదులు. ముందు చిన్న వసారా, పక్కనే కుళాయి. అతని భార్య కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. పాతికేళ్లుంటాయేమో. ఏడ్చినట్టు లేదు గానీ, రెండు రోజులుగా పడుకున్నట్టు కూడా లేదు.

"నన్ను మార్చాలని వచ్చారేమో, మారను," అంది తలెత్తకుండానే. "ఆయన చేసిన పనికి ఆయనే అనుభవించాలి."

"మార్చను. ఒక్క సంగతి చెప్పి పోతాను. నీ మొగుడు నిన్ను మోసం చేయలేదు."

గిన్నె తోముతున్న చేతులు ఆగాయి.

ఆరా మేడమ్ వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ అంతా చెప్పింది. గొట్టం సంగతి, యజమాని మొదటి ఊపిరి, తుడవడానికి ఉండని సమయం, నొప్పి లేని పుండు. చెబుతున్నంతసేపూ ఆ పిల్లకి ఎంత ఊరట కలుగుతుందో అని ఆమెకి లోలోపల సంతోషంగా ఉంది. ఇన్నేళ్లుగా ఇళ్లలోకి చెడ్డ కబురే మోసింది. ఒక్కసారైనా మంచి కబురు తెచ్చానని మురిసిపోయింది.

ఊరట మాత్రం ఆ మొహంలో కనిపించలేదు. రక్తమంతా దిగిపోయినట్టు తెల్లబడింది.

"అలా ఎలా అవుతుంది?" భార్య చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంది. "జబ్బు ఆయనదే. ఆయన నుంచే నాకు కూడా..." అంటూ ఆగిపోయింది.

"నీకు కూడానా?" ఆరా మేడమ్ నడక ఆపింది. "చేతులు ఇలా చాపమ్మా."

చాపింది. రెండు అరచేతుల్లోనూ కందిగింజంత మచ్చలు, రాగిరంగులో. ఇలాంటి చేతులు ఆరా మేడమ్ ఎన్నో చూసింది. ఈ చేతుల్ని మాత్రం వెలుతురులోకి తిప్పి మళ్లీ చూసింది.

"దురద పెడుతున్నాయా?"

"లేదు. సబ్బు పడలేదనుకున్నా. సబ్బు కూడా మార్చా."

"ఎప్పుడు వచ్చాయి?"

"మూడు వారాలు కావచ్చు."

"మీ ఆయన పెదవి మీద పుండు రాకముందా, వచ్చాకా?"

"ముందే. ఎందుకలా అడుగుతున్నారు?"

పొద్దుట్నుంచీ గొట్టం గొట్టం అని ఎగురుతూ ఎంత పప్పులో కాలేసిందో ఆరా మేడమ్‌కి ఇప్పుడు అర్థమైంది. ఊపిరయ్యకి ఆ జబ్బు గొట్టం నుంచే రానక్కర్లేదు, ఈ పిల్ల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. ఈ పిల్లకి మాత్రం ఊపిరయ్య నుంచి వచ్చే దారే లేదు.

ఆమె జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ల ఇంట్లో, ఎవరూ చెప్పకుండానే, గడప మీద కూర్చుంది.

"చూడమ్మా, ముందు పుండు వస్తుంది. ఆడవాళ్లకి అది ఒక్కోసారి లోపలే వచ్చి పోతుంది, నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. అది వచ్చిన కొన్ని వారాలకి ఈ మచ్చలు. అంటే నీకు అంటుకుని రెండు మూడు నెలలైంది. మీ ఆయనకి పుండు వచ్చి పది రోజులే. పుండు రాకముందు ఎవరూ ఎవరికీ అంటించలేరు. ఆయన నీకు తెచ్చి ఉండడం జరగని పని."

"జరగదా?"

"జరగదు."

"ఒట్టేసి చెప్పండి."

"ఒట్టక్కర్లేదు. ఎవర్నైనా డాక్టర్ని అడుగు."

"మరి యజమాని ఒట్టేసి చెప్పాడే!" ఆ పిల్ల గొంతు కీచుగా లేచింది. "ఇది నీ మొగుడి నిర్వాకమే, వాణ్ణుంచి నీకు, నీ నుంచి నాకు అన్నాడే! అందుకే పొద్దున వాణ్ణి గెంటేశా అన్నాడే!"

"ఎప్పుడన్నాడు?"

"మొన్న సాయంత్రం."

అనేశాక ఏమందో తెలిసింది. అయినా నోరు మూసుకోలేదు. రెండు రోజులుగా బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటపడింది. మొగుడికి భోజనం తీసుకెళ్లినప్పుడు మొదలైన పలకరింపులు, ఆ తర్వాత వెనక తలుపు, తన కోసం ఊడ్చిపెట్టిన నేల. యజమాని చేతుల్లో కూడా ఇవే మచ్చలు చూసి, ఇవేమిటో అడుగుదామని మొన్న వెళ్లింది.

"మా ఆయన నిద్రపోతున్నాడు. లేచి వెతుక్కుంటూ వస్తాడేమోనని బయట గొళ్లెం పెట్టి వెళ్లా. తిరిగొచ్చేసరికి గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది." ఆమె అరచేతులు మూసుకుంది. "ఆ మాట వినేసరికి ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది మేడమ్. ఒకణ్ణి తోశా. ఇంకొకణ్ణి పోలీసులకి వదిలేశా. తోసినవాడు మళ్లీ లేవలేదు. వాడు చావాలని కాదు, నిజంగా కాదు."

వీధి మలుపులో జీపు హారన్ వినిపించింది.

ఆరా మేడమ్‌కి ఏడుపొచ్చింది. ఇలాంటి కబుర్లు మోసినందుకు ఆమెని తిట్టినవాళ్లే ఎక్కువ. ఈ పిల్ల తిట్టడం లేదు. అదే భరించలేకపోయింది.

"దీనికి మందుందా?" భార్య అడిగింది.

"ఉంది. సూదులు వేస్తారు. పూర్తిగా తగ్గిపోతుంది. నీకూ, ఆయనకీ."

"ముందు ఆయనకి వేయించండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా సంగతేమీ చెప్పకుండా ఆయన్ని విడిపించడం కుదురుతుందా?"

కుదురుతుందని చెప్పాలని ఆరా మేడమ్‌కి ఎంతో అనిపించింది. మేస్త్రీ మొహం, లాకప్‌లో ఒట్టేసిన మనిషి మొహం కళ్ల ముందు తిరిగాయి.

"కుదరదమ్మా," అంది.

జీపు వాకిట్లో ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగి, గడప మీద కూర్చున్న వదినని చూసి ఆశ్చర్యపోయాడు. ఆమె కూర్చోవడం అతను పెళ్లైన నాటినుంచీ చూడలేదు. అయినా డ్యూటీ డ్యూటీయే కాబట్టి ఆమెని దాటి లోపలికి తొంగిచూశాడు.

"బయల్దేరమ్మా. జడ్జి గారు అడిగేది ఒక్కటే. ఆ సాయంత్రం మీ ఆయన ఇంట్లో ఉన్నాడా, లేడా? నాకు చెప్పినట్టే చెబితే చాలు."

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

"ఉన్నాడు సార్. లేనిది నేను."